మనం ఎంతమందిమి? లెక్క చెప్పే ముందు అడగాల్సినవి

(బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో జరిగిన తెలుగు యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



శనివారం సాయంత్రం కుందలహళ్ళి ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వచ్చారంటే సంతోషంగా ఉంది. పాస్టర్ గారు నాకు ఫోన్ చేసి, "బ్రదర్, మా పిల్లలు వాట్సాప్ లెక్కలు పట్టుకుని వాదించుకుంటున్నారు. ఒకరు ఆంధ్రలో మనం పాతిక శాతం అంటారు. ఇంకొకరు గూగుల్‌లో ఒక్క శాతమే ఉందంటారు. ఏది నిజమో ఒక గంట చెప్పండి" అన్నారు. నేను సరే అన్నాను గానీ, ఒక్క అంకె చెప్పి కూర్చుంటే సరిపోయే విషయం కాదిది. ఆ అంకె ఎక్కడ పుట్టిందో, ఎలా పుట్టిందో తెలియాలి. అది తెలియక ఒకసారి నేను సిగ్గుపడ్డాను. ముందు ఆ సంగతి చెబుతాను.

2016లో ప్రకాశం జిల్లాలోని మా మండలంలో సమాధుల తోటకు స్థలం కావాలని అర్జీ పెట్టాం. ఉన్న తోట నిండిపోయింది. పాత సమాధుల పక్కన అడుగు పెట్టే చోటు లేదు. అర్జీ రాసింది నేనే. "మా మండలంలో మూడో వంతు ప్రజలు క్రైస్తవులు" అని రాశాను. ఆ మాట నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. సభల్లో వింటూ పెరిగాను, అంతే. ఆ అధికారి అర్జీ చదివి, కంప్యూటర్‌లో ఏదో తెరిచి చూసి, "మీ లెక్క ఎక్కడిదండీ? సెన్సస్ ప్రకారం మండలం మొత్తంలో మీరు వెయ్యి మంది కూడా లేరు" అన్నారు. మాతో వచ్చిన పెద్దాయన ఒకరు, "సార్, ఒక ఆదివారం వచ్చి చూడండి, తెలుస్తుంది" అన్నారు. ఆయన నవ్వి, "నేను చూస్తానండీ, ఫైలు చూడదు కదా" అన్నారు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మా చావులకు చోటు లేదన్నది నిజం. కానీ ఆ నిజాన్ని ఆధారం లేని అంకె మీద నిలబెట్టాను. అంకె కూలగానే నిజం కూడా అబద్ధంలా కనబడింది. ఆ అర్జీ ఏమైందో చివర్లో చెబుతాను.

సెన్సస్ ఏం చెబుతోంది?

మన దేశంలో మతాల జనాభాకు మొదటి ఆధారం సెన్సస్. పదేళ్లకోసారి ఇంటింటికీ వచ్చి, ఇంట్లో ప్రతి మనిషి గురించీ విడివిడిగా అడిగి రాసేది అదొక్కటే. 2011 పత్రంలో మతం ఏడో ప్రశ్న. హిందూ, ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన అని ఆరు మతాలకు కోడ్‌లు ఉన్నాయి. మిగతావాళ్లు చెప్పిన పేరు పూర్తిగా రాయాలి. ఈ వివరాలను 2015 ఆగస్టు 25న విడుదల చేశారు. సెన్సస్ వెబ్‌సైటులో సి-1 అనే పట్టిక తెరిస్తే దేశం, రాష్ట్రం, జిల్లా, మండలం, పట్టణం వరకు దొరుకుతాయి. ఆ రోజు ఆ అధికారి తెరిచింది అదే. మీలో ఎవరైనా ఈ రాత్రే ఫోన్‌లో తెరవొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

దాని ప్రకారం 2011లో దేశంలో క్రైస్తవులు 2 కోట్ల 78 లక్షలు, అంటే 2.3 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 11 లక్షల 30 వేలు, 1.34 శాతం. మనం కూర్చున్న ఈ కర్ణాటకలో 11 లక్షల 42 వేలు, 1.87 శాతం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 8 కోట్ల 46 లక్షల మంది ఉన్న ఉమ్మడి ఆంధ్ర కంటే, 6 కోట్ల 11 లక్షల మంది ఉన్న కర్ణాటకలో క్రైస్తవులు ఎక్కువ! గుంటూరు, ఒంగోలు, నెల్లూరు, ఏలూరు, నంద్యాల, మెదక్, డోర్నకల్... ఊరూరా మందిరాలున్న మన ప్రాంతం గురించి ఈ మాట వింటే నమ్మబుద్ధి కాదు. "సెన్సస్ అంతా తప్పు, మనల్ని కావాలని తగ్గించారు" అని చాలామంది అక్కడితో తేల్చేస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేవాణ్ణి. కానీ ఒక్క సంవత్సరం అంకె చూసి తేల్చకూడదు. వెనక్కి వెళ్లి వరసగా చూడాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవుల లెక్క ఇది:

1971లో 18 లక్షల 23 వేలు, 4.19 శాతం.
1981లో 14 లక్షల 33 వేలు, 2.68 శాతం.
1991లో 12 లక్షల 16 వేలు, 1.83 శాతం.
2001లో 11 లక్షల 82 వేలు, 1.55 శాతం.
2011లో 11 లక్షల 30 వేలు, 1.34 శాతం.

ఈ నలభై ఏళ్లలో రాష్ట్ర జనాభా 4 కోట్ల 35 లక్షల నుంచి 8 కోట్ల 46 లక్షలకు చేరింది, దాదాపు రెట్టింపు. క్రైస్తవులు మాత్రం 7 లక్షల మంది తగ్గారు. ఈ నలభై ఏళ్లలోనే మన ఊళ్లలో రేకుల షెడ్లు మందిరాలయ్యాయి, ఒక్క సంఘం ఉన్న చోట మూడు సంఘాలు వచ్చాయి. మరి ఆ 7 లక్షల మంది ఎక్కడికి పోయారు?

ఇప్పుడు అదే సెన్సస్‌లో ఇంకో వరస చూడండి. ఉమ్మడి ఆంధ్రలో షెడ్యూల్డ్ కులాల శాతం 1971లో 13.27, 1981లో 14.87, 1991లో 15.93, 2001లో 16.19, 2011లో 16.41. ఎస్సీగా నమోదైన వాళ్లలో నియమం ప్రకారం క్రైస్తవులు ఉండరు. కాబట్టి ఈ రెండు వరసల్నీ కలిపితే ఎవర్నీ రెండుసార్లు లెక్కపెట్టినట్టు కాదు. కలుపుదాం.

1971: 17.46
1981: 17.55
1991: 17.76
2001: 17.74
2011: 17.75

చూశారా? ఒకటి దిగుతోంది, ఒకటి ఎక్కుతోంది, మొత్తం మాత్రం దాదాపు కదల్లేదు. ఇది నేను ఎక్కడో రహస్యంగా సంపాదించిన లెక్క కాదు. సర్కారు వాళ్లే అచ్చువేసిన రెండు పట్టికలను పక్కపక్కన పెట్టాను, అంతే.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు. 1976లో పార్లమెంటు చట్టం చేసి ఎస్సీ, ఎస్టీ జాబితాల్లో ప్రాంతాల హద్దులను సవరించింది. 1981లో ఎస్సీల శాతం పెరగడానికి అది కూడా కొంత కారణం అయి ఉండొచ్చు. కుటుంబాల పరిమాణం, వలసలు కూడా ఉంటాయి. పైగా తెలుగు క్రైస్తవులందరూ దళితులు కారు. రెడ్లు, కమ్మవారు, బీసీ కులాల వాళ్లు, గిరిజనులు మన సంఘాల్లో ఉన్నారు. అయినా 7 లక్షల మంది కనబడకపోవడానికి కారణం వెతికేవాళ్లు ముందు చూడాల్సిన చోటు ఇదే.

ఒక ప్రశ్నకు జవాబు చెబితే ఇంకోటి పోతుంది

1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా హిందువులు కాని వారిని ఎస్సీలుగా గుర్తించరాదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు తలుపు తెరవలేదు. ఎస్టీలకు ఇలాంటి మతం షరతు లేదు. ఉమ్మడి ఆంధ్రలో, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ, క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలనూ వాళ్ల సంతానాన్నీ బీసీ-సిలో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. 15 శాతం ఒకవైపు, 1 శాతం ఇంకోవైపు. అట్రాసిటీ చట్టం రక్షణ ఒకవైపు ఉంది, ఇంకోవైపు లేదు.

సెన్సస్ రాసేవాళ్లకు ఇచ్చే సూచనల్లో కూడా ఇదే ఉంటుంది: ఎస్సీలు హిందువుల్లో, సిక్కుల్లో, బౌద్ధుల్లో మాత్రమే ఉండాలి. అంటే ఏడో ప్రశ్నకు "క్రైస్తవ" అని చెప్పిన దళితుడికి, ఆ తర్వాతి ప్రశ్నలో ఎస్సీ గడి మూసేసినట్టే.

1991లో నేను ఏడో తరగతి. జనాభా లెక్కలు రాయడానికి మా ఇంటికి టీచరు గారు వచ్చారు. మంచి మనిషి. అమ్మ స్టూలు వేసి కూర్చోబెట్టింది. ఆయన కూర్చున్న గోడకే వాక్యం ఉన్న క్యాలెండరు వేలాడుతోంది. పేర్లు రాసుకున్నారు: అమ్మ పేరు రూతు, నా పేరు రికార్డులో ఒకటి, బాప్తిస్మంలో ఇంకొకటి. తర్వాత ఆయన మతం అడగలేదు. "మీకు ఎస్సీ సర్టిఫికెట్టు ఉంది కదమ్మా?" అన్నారు. అమ్మ తలూపింది. ఆయన రాసుకుని వెళ్లిపోయారు. నేను సండే స్కూల్లో అన్నీ నేర్చుకున్నవాణ్ణి కదా, "అమ్మా, మనం క్రైస్తవులమని చెప్పలేదేం?" అని నిలదీశాను. అమ్మ పొయ్యి దగ్గరికి పోతూ, "ఆయన అడగలేదు నాయనా. అడిగితే మాత్రం నీ హాస్టలు సీటు ఎవరిస్తారు?" అంది.

మా అమ్మ జీవితంలో ఒక్క ఆదివారం ఆరాధన మానలేదు. 1991 లెక్కల్లో ఆవిడ క్రైస్తవురాలు కాదు. ఆ టీచరు గారు తప్పు చేశారని గానీ, అమ్మ విశ్వాసం తప్పిందని గానీ నేను అనను. ఒక తల్లి తన బిడ్డ చదువుకూ తన విశ్వాసం పేరుకూ మధ్య ఎంచుకోవాల్సి రావడం అన్యాయం. ఆ అన్యాయం తెలియకుండా 1.34 అనే అంకెను చదివితే సగమే చదివినట్టు.

కాబట్టి "సెన్సస్ అబద్ధం" అనకండి. సెన్సస్ అడిగిన ప్రశ్నకు జనం చెప్పిన జవాబును లెక్కపెట్టింది. ఆ జవాబు మీద 1950 నాటి ఉత్తర్వు బరువు ఉంది. "2011 సెన్సస్ ప్రకారం 1.34 శాతం, ఎస్సీ హోదాకు మతం షరతు ఉన్నందువల్ల దళిత క్రైస్తవుల్లో చాలామంది ఈ లెక్కలోకి రారు" అని రెండు ముక్కలూ కలిపి చెప్పండి. అలా చెప్పిన మాటను ఎవరూ కొట్టిపారెయ్యలేరు.

మరి పాతిక శాతం?

ఈ పాతిక శాతం మాటను పరీక్షించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇందాకటి కూడిక చాలు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీగా నమోదైన ప్రతి మనిషీ క్రైస్తవుడే అనుకుందాం. అలా కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అనుకుందాం. అప్పుడు కూడా మొత్తం 17.75 శాతం. పాతిక కావాలంటే మిగతా కులాల నుంచి ఇంకో 60 లక్షల మంది కావాలి. వాళ్లెక్కడున్నారు? కాబట్టి 1.34 కంటే ఎక్కువ ఉన్నాం అనడానికి బలమైన కారణం ఉంది, పాతిక అనడానికి ఆధారం లేదు.

ఈ పాతిక శాతం మాటను ఇద్దరు వాడుతున్నారు, గమనించారా? మన వేదికల మీద కొందరు ఉత్సాహం కోసం వాడతారు. మనమంటే గిట్టనివాళ్లు జనాన్ని భయపెట్టడానికి, "చూశారా, రాష్ట్రం మతం మారిపోతోంది" అని చెప్పడానికి అదే అంకె వాడతారు. మనం గొప్ప కోసం పెంచిన అంకె మన పల్లెలోని పాస్టర్ మీదికి కర్రలతో వచ్చేవాడికి పనికొస్తోంది. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథంలో చదువుతాం. అది బియ్యం కొట్టు వాడికి మాత్రమే చెప్పింది కాదు.

సెన్సస్ కాక ఇంకేమున్నాయి?

ఒకటి, నమూనా సర్వేలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్, 2019-21లో దేశమంతటా 6 లక్షల 36 వేలకు పైగా ఇళ్లకు వెళ్లింది. ఇందులో మతం ఒక ప్రశ్న, కులం ఇంకో ప్రశ్న. మొదటిదానికి చెప్పిన జవాబు రెండోదాన్ని కొట్టెయ్యదు. క్రైస్తవుణ్ణి అనీ ఎస్సీని అనీ రెండూ చెప్పుకోవచ్చు. అందుకే దళిత క్రైస్తవుల గురించి తెలుసుకోవాలంటే ఇలాంటి సర్వేలు సెన్సస్ కంటే ఎక్కువ చెబుతాయి. జాతీయ మైనారిటీల కమిషన్ కోసం సతీశ్ దేశ్‌పాండే, గీతికా బాప్నా 2008లో ఇచ్చిన నివేదిక కూడా 2004-05 నాటి జాతీయ నమూనా సర్వే వివరాల మీద నిలబడినదే. దళిత క్రైస్తవులకు, దళిత ముస్లింలకు ఎస్సీ హోదా నిరాకరించడానికి సరైన ఆధారం ఏదీ లేదని అది తేల్చింది.

అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2019 చివర, 2020 మొదట్లో మన దేశంలో దాదాపు 30 వేల మందిని 17 భాషల్లో ముఖాముఖి అడిగి, 2021 జూన్‌లో నివేదిక ఇచ్చింది. అందులో క్రైస్తవుల్లో 33 శాతం తాము ఎస్సీలమని, 24 శాతం ఎస్టీలమని చెప్పారు. ప్రభుత్వ జాబితాలో లేని దళిత క్రైస్తవుడు మనిషిగా మాత్రం ఉన్నాడని ఆ అంకె చెబుతోంది. అయితే ఆ సర్వేలో మాట్లాడిన క్రైస్తవులు దేశం మొత్తం మీద 1,011 మంది. దేశం గురించి మాట్లాడటానికి అది సరిపోతుంది. "ప్యూ ప్రకారం గుంటూరు జిల్లాలో ఇంత" అని ఎవరైనా అంటే నమ్మకండి. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది గానీ, కుండలో ఎన్ని మెతుకులున్నాయో దాన్నిబట్టి చెప్పలేం.

రెండు, ప్రపంచ స్థాయి క్రైస్తవ గణాంక గ్రంథాలు. 1982లో డేవిడ్ బ్యారెట్ తెచ్చిన వరల్డ్ క్రిస్టియన్ ఎన్‌సైక్లోపీడియా, ఆ తర్వాతి కూర్పులు ఇలాంటివే. ఇవి సంఘాల సంస్థలు చెప్పిన సభ్యుల సంఖ్యలను సేకరిస్తాయి, సర్కారు లెక్కకు అందని విశ్వాసులను అంచనా వేసి కలుపుతాయి. అందుకే ఇండియాకు ఇవి చెప్పే సంఖ్య సెన్సస్ కంటే రెట్టింపు దాటి ఉంటుంది. వాటిని వాడొచ్చు, కానీ "ఇది అంచనా" అని చెప్పి వాడాలి. సర్కారు ఆఫీసులో అంచనా చెల్లదు.

మూడు, మన సొంత రిజిస్టర్లు. మనం ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది వీటినే. బాప్తిస్మపు పుస్తకం, సంస్కారం తీసుకునేవాళ్ల జాబితా, పెళ్లిళ్ల రిజిస్టరు, సమాధుల రిజిస్టరు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మనకు తెలుసు. "వేలాదిమంది" అని రాసి వదిలెయ్యకుండా లెక్కపెట్టి రాశారు కాబట్టి నూట నలభై ఏళ్లు దాటినా ఆ సంఖ్య చెప్పుకుంటున్నాం. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పనిలో కరువు బాధితులకు కూలి ఇప్పించినంత కాలం బాప్తిస్మాలు ఆపారు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. అయినా ఆ మాట వచ్చింది. ఎంతమంది అనేదానికి పుస్తకం జవాబు చెప్పింది. ఎందుకు అనేది ఆ పుస్తకంలో ఉండదు, ఆ మాదిగ పల్లెల చరిత్రలో వెతకాలి.

రిజిస్టర్లకూ లోపాలున్నాయి. ఒక సంఘంలో చంటిబిడ్డలను కూడా లెక్కిస్తారు, ఇంకో సంఘంలో ముంచి బాప్తిస్మం ఇచ్చాకే లెక్క. చనిపోయినవాళ్ల పేర్లు కొట్టెయ్యరు. ఇక మనలాంటి వలసవాళ్ల సంగతి: మీ పేరు ఊళ్లో బాప్టిస్టు సంఘంలో ఉంది, హైదరాబాదులో చదివినప్పుడు చేరిన సంఘంలో ఉంది, ఇక్కడ బ్రూక్‌ఫీల్డ్ సహవాసంలోనూ ఉంది. మూడు సంస్థలు మిమ్మల్ని లెక్క చెబితే ఒక్క మనిషి ముగ్గురయ్యాడు.

కాలు జారే చోట్లు

త్వరగా నాలుగు చెబుతాను, ఫోన్‌లో రాసుకోండి.

"2021 జనాభా లెక్కల ప్రకారం" అని మొదలయ్యే మెసేజ్ ఏదైనా సరే తప్పు. కోవిడ్ వల్ల వాయిదా పడి 2021లో సెన్సస్ జరగనే లేదు. 2011 తర్వాత వచ్చిన మతాల సంఖ్య ఏదైనా అంచనాయో సర్వేయో అయి ఉండాలి.

2014లో రాష్ట్రం విడిపోయింది. 2011 లెక్కను విడదీస్తే ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు 6 లక్షల 82 వేలు, తెలంగాణకు 4 లక్షల 47 వేలు వస్తాయి. 1971 నాటి 18 లక్షల పక్కన ఈ 6 లక్షలు పెట్టి "మూడో వంతుకు పడిపోయాం" అని రాసినవాళ్లను చూశాను. అప్పటి ఆంధ్ర వేరు, ఇప్పటి ఆంధ్ర వేరు.

శాతం వేరు, సంఖ్య వేరు. 2001లో దేశంలో క్రైస్తవులు 2 కోట్ల 41 లక్షలు, 2.34 శాతం. 2011లో 2 కోట్ల 78 లక్షలు, 2.30 శాతం. "పెరిగాం" అనేవాడూ నిజమే చెబుతున్నాడు, "తగ్గాం" అనేవాడూ నిజమే చెబుతున్నాడు. ఏది దాచాడో చూడండి.

నాలుగోది, లేని పట్టికను ఉందనుకోవడం. "బెంగళూరులో తెలుగు క్రైస్తవులెందరు?" అని ఇందాక ఒక తమ్ముడు అడిగాడు. కర్ణాటకలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 2011లో 35 లక్షలకు పైగా ఉన్నారు, అది భాషల పట్టికలో ఉంది. క్రైస్తవులు 11 లక్షల 42 వేలు, అది మతాల పట్టికలో ఉంది. రెండూ వేరువేరు పట్టికలు. వాటిని గుణించి భాగించి ఒక అంకె పుట్టించకండి.

ఇప్పుడు మన చేతిలో ఉన్న పని

మళ్లీ జనాభా లెక్కలు వస్తున్నాయి. 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్కింపు, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఈసారి కులాల లెక్క కూడా ఉంటుందని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఎవరికి వాళ్లు ఆన్‌లైన్‌లో వివరాలు నింపుకునే వీలు కూడా ఉంటుందన్నారు. అంటే మా ఇంట్లో జరిగినట్టు, అడగకుండానే ఎవరో రాసుకుపోయే అవసరం మీకు ఉండదు.

"అన్నా, మేం ఏమని రాయాలి?" అని అడుగుతారు. అది నేను చెప్పను. ఇది మీ మనస్సాక్షి, మీ కుటుంబం, దేవుని ముందు తేల్చుకోవాల్సిన విషయం. తెలిసి తేల్చుకోవడానికి రెండు సంగతులు మాత్రం చెబుతాను. 1948 సెన్సస్ చట్టం ప్రకారం మీ వ్యక్తిగత వివరాలు రహస్యం. వాటిని కోర్టులో సాక్ష్యంగా చూపడానికి వీల్లేదు, ఇంకో శాఖ తెరిచి చూడటానికి వీల్లేదు. అది మొదటిది. రెండోది, సర్టిఫికెట్ల విషయంలో కోర్టులు కఠినంగా ఉన్నాయి. విశ్వాసం ఒకటి, రిజర్వేషన్ కోసం చెప్పేది ఒకటి అయితే ఒప్పుకోబోమని 2024 నవంబరులో సుప్రీంకోర్టు సెల్వరాణి కేసులో చెప్పింది. అసలు ఆ మూడో పేరా ఉండాలా వద్దా అనే కేసు 2004 నుంచి అదే కోర్టులో ఉంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని 2007లోనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. 2022లో కేంద్రం వేసిన బాలకృష్ణన్ కమిషన్ ఇదే విషయం పరిశీలించడానికి వేసింది. ఇలాంటి కమిషన్ల ముందు మాట్లాడేటప్పుడు మన చేతిలో ఏ లెక్క ఉందనేదే ప్రశ్న. పాతిక శాతం పట్టుకెళతామా?

అంతకన్నా చిన్న పని ఒకటి ఇక్కడే మొదలుపెట్టవచ్చు. ఈ సహవాసానికి ఒక సరైన రిజిస్టరు ఉండాలి. ఆఫీసు ఉద్యోగాలవాళ్లు మాత్రమే కాదు, కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి అపార్టుమెంట్లు కడుతున్న విశ్వాసుల పేర్లు, ఇళ్లల్లో పనిచేసే అక్కల పేర్లు, సెక్యూరిటీ డ్యూటీ వల్ల ఆదివారం రాలేని అన్నల పేర్లు ఉండాలి. సొంత ఊరేది, మాతృసంఘం ఏది, ఇక్కడికి ఎప్పుడు వచ్చారు, అంతే రాయండి. వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే రాయండి. పేర్ల జాబితా ఎవరికీ ఇవ్వకండి, వాట్సాప్‌లో అసలే పెట్టకండి. బయటికి చెప్పాల్సింది సంఖ్య మాత్రమే. ఏడాదికోసారి సరిచూడండి, వెళ్లిపోయినవాళ్లను తీసెయ్యండి. తగ్గితే తగ్గిందని రాయండి.

దావీదు జనాన్ని లెక్కపెట్టి దేవుని కోపానికి గురయ్యాడు, కాబట్టి లెక్కలు పాపం అనే పెద్దలున్నారు. దావీదు కత్తి దూసేవాళ్లను లెక్కించాడు, తన బలం చూసుకోవడానికి. లూకా సువార్తలో కాపరి కూడా లెక్కించాడు. నూరింటిలో ఒకటి తప్పిపోయిందని అతనికి ఎలా తెలిసింది? లెక్క ఉంది కాబట్టే. రెండూ లెక్కలే. మన రిజిస్టరు ఏ రకందో ప్రతి ఏడూ అడుక్కోవాలి.

సమాధుల తోట సంగతి చెబుతానన్నాను. మొదటి అర్జీ పోయాక మేము మండలంలోని సంఘాలన్నీ తిరిగాం. కొన్నిచోట్ల రిజిస్టరు చెదలు పట్టింది. కొన్నిచోట్ల లేనే లేదు. దొరికిన వాటి నుంచి గత పదేళ్లలో జరిగిన భూస్థాపనల తేదీలు రాసుకున్నాం. తోట కొలతలు వేయించాం, ఫొటోలు తీయించాం. రెండో అర్జీలో మేమెంత శాతమో రాయలేదు. ఇన్ని మృతదేహాలు, ఇంత స్థలం, ఇంక మిగిలింది ఇంత, అని రాసి రిజిస్టరు నకళ్లు జతచేశాం. ఫైలు కదిలింది. రెండేళ్లు పట్టింది, అడిగిన దాంట్లో సగమే, అరెకరం ఇచ్చారు. 2019లో మా అమ్మను అక్కడే పెట్టాం. రిజిస్టరులో నేనే రాశాను: రూతు, వయసు, తేదీ, సంఘం పేరు.

మీ ప్రశ్నలు అడగండి.